ముసలమ్మ కథకు కర్తలెందరో

శింగనమల: ఈ నియోజకవర్గంలోని బుక్కరాయసముద్రం చెరువుకు గండి పడబోతే, బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మ ప్రాణమిచ్చి కట్టను నిలిపిందని పెద్దలు చెబుతారు. బ్రౌన్ దొర వెలువరించిన అనంతపుర చరిత్రలోని ఈ కథనే కట్టమంచి రామలింగారెడ్డి 1899లో 'ముసలమ్మ మరణం' కావ్యంగా రాశారు. అచ్చులో కథ మారదు. నోట మాత్రం చెప్పేవారిని బట్టి పెరుగుతుంది.

నేడు కుర్రకారు సెల్‌ఫోన్లలో నలుగురూ కలిసి వేషాలు కట్టి ఆడే ఆటల్లోనూ జరిగేది ఇదే. కంపెనీ చెప్పక వదిలిన చోట వీరుడి పుట్టుకో, పాత పగకు కారణమో ఆటగాళ్లే అల్లుకుంటారు. ఒకరి అల్లిక నచ్చితే తక్కినవారూ దాన్నే పట్టుకుంటారు.

ముసలమ్మ కథలోనూ అలాంటి ఖాళీలున్నాయి. కట్ట నిలిచిన రాత్రి బసిరెడ్డి ఇంట పొయ్యి వెలిగిందా? అవ్వాతాతలను అడిగితే ఇంటికొక జవాబు రావచ్చు.