కూడలిలో రౌండబౌటు: డ్రైవర్ల మాట

రోడ్డు వచ్చిన గ్రామమునకు బస్సు వచ్చును, బజారు వచ్చును. కొంతకాలము గడచునప్పటికి ఊరిరోడ్డు పెద్దరోడ్డును కలిసెడి చోట ప్రమాదములును వచ్చును. అట్టి కూడలిలో ఒకరిద్దరు ప్రాణములు కోల్పోయిన పిమ్మట గ్రామసభలో చర్చ బయలుదేరును. స్పీడు బ్రేకరు వేయింపుడని కొందరు, సిగ్నలు దీపములు పెట్టింపుడని కొందరు అందురు. నడుమ సర్కిలు కట్టింపుడని ఎవరైన అన్నచో లారీలు, బస్సులు, ట్రాక్టర్లు నడపువారు అడ్డుచెప్పుట కలదు. లోడుబండి తిరుగదందురు, ముందెవరు పోవలెనో తెలియక తగవులగునందురు, ప్రయాణము ఆలస్యమగునందురు. పంచాయతీ సభ్యులలో స్వయముగ వాహనములు నడపువారు కొందరుందురు గావున ఈ మాటలకు సభలో బలము చేకూరును.

ఈ అభ్యంతరములు మన ప్రాంతమునకు ప్రత్యేకములు కావు. అమెరికాలో రౌండబౌట్లు ప్రవేశపెట్టినపుడు అచ్చటి డ్రైవర్లును ఇట్లే అనిరి. కట్టకముందు ఏమనిరో, కట్టిన తరువాత ఏమనిరో అడిగి లెక్కగట్టి ప్రకటించిన వివరములు అచ్చట కలవు. తమ ఊరి కూడలిని గూర్చి తీర్మానము చేయబోవు సభ్యులకు అవి పనికివచ్చునని తలచి వ్రాయుచున్నాము.

ముందు రౌండబౌటు అనగా నేమో తెలిసికొందము. మన పట్టణములలో సర్కిలు అను మాటను చాల వదులుగ వాడుదురు. నడుమ దిమ్మె యున్నను లేకున్నను నాలుగు రోడ్లు కలిసిన ప్రతిచోటును సర్కిలే. ఇంజనీర్లు చెప్పు రౌండబౌటు అట్టిది కాదు. నడుమ గుండ్రని దిమ్మె యుండవలెను. వాహనములన్నియు దాని చుట్టు ఒకే దిశగ తిరుగవలెను. అన్నిటికంటె ముఖ్యముగ, బయటినుండి వచ్చు వాహనము లోపల తిరుగుచున్న వాహనమునకు దారి ఇచ్చి, సందు చూచుకొని ప్రవేశింపవలెను. మనము రోడ్డుకు ఎడమప్రక్కన నడచువారము గావున దిమ్మెను కుడిచేతివైపున ఉంచుకొని, గుడిలో ప్రదక్షిణము చేసినట్లు తిరుగుదుము. అమెరికాలో కుడిప్రక్క నడక గావున అచ్చట తిరుగుట అప్రదక్షిణము. ఆ దేశములో కారు నడపుచున్న మన తెలుగువారికి మొదటి దినములలో ఇది తడబాటు కలిగించుట సహజమే.

పైన చెప్పిన మూడవ లక్షణము చాలకాలము వరకు ఎవరికిని తట్టలేదు. న్యూయార్కు నగరములోని కొలంబసు సర్కిలులో వాహనములు దిమ్మె చుట్టు ఒకే దిశగ తిరుగు పద్ధతి 1905లో వచ్చినది. పారిసు నగరములో విజయతోరణము చుట్టు 1907లో అట్టి ఏర్పాటే చేసిరి. తిరుగుట కుదిరినది గాని ముందు హక్కు ఎవరిదను ప్రశ్న తెగలేదు. ఫ్రాన్సులో కుడివైపునుండి వచ్చువానికి దారి ఇయ్యవలెనని నియమము. ఆ దేశమున సర్కిలులోనికి కొత్తగ వచ్చువాడు కుడివైపునుండియే వచ్చును గదా! అందుచేత లోపల తిరుగుచున్నవాడు ఆగి బయటివానిని రానీయవలసి వచ్చెడిది. బండ్లు లోపలికి వచ్చుచునే యుండును, లోపలివి బయటపడుటకు వీలుండదు. రద్దీవేళ సర్కిలు నిండి, ఏ బండియు కదలక బిగిసిపోయెడిది. పాత సర్కిళ్లపై డ్రైవర్లకు కలిగిన విసుగు ఊరక పుట్టినది కాదు. అమెరికాలో 1950 తరువాత క్రొత్త సర్కిళ్లు కట్టుట దాదాపు మానివేసిరి.

ఈ చిక్కును విప్పినది బ్రిటిషువారు. అచ్చటి రోడ్డు పరిశోధనశాలలో పనిచేసిన ఫ్రాంకు బ్లాక్‌మోరు అను ఇంజనీరు ఈ విషయమున అనేక ప్రయోగములు చేసెను. లోపల తిరుగువానికే ముందు హక్కు అను నియమము 1966లో బ్రిటనులో అమలునకు వచ్చినది. చిన్న మార్పువలె తోచును గాని, దానితో సర్కిలు బిగిసిపోవుట తగ్గినది, చిన్న దిమ్మెతోనే పని జరుగుట మొదలైనది. ఫ్రాన్సు 1983లో ఈ మార్గమునకు వచ్చినది. ఇట్టి క్రొత్తరకపు రౌండబౌటు అమెరికాలో మొట్టమొదట 1990లో లాస్ వేగాసు నగరపు శివార్లలో వెలసినది. మన దేశములో 2017 నాటి మోటారు వాహనముల డ్రైవింగు నియమములు రౌండబౌటులో ఇదివరకే యున్న వాహనమునకు ముందు హక్కు ఇచ్చినవి. ఈ నియమము తెలిసిన డ్రైవర్లు తక్కువ, పాటించువారు ఇంకను తక్కువ అని చెప్పక తప్పదు.

ఇక డ్రైవర్ల అభిప్రాయములు. హైవేల భద్రతను పరిశోధించుటకై ఇన్సూరెన్సు కంపెనీలు నడపుచున్న సంస్థ యొకటి అమెరికాలో కలదు. కాన్సాసు, మేరీలాండు, నెవాడా రాష్ట్రములలోని మూడు ఊళ్లలో, ఆగుమను పలకలు గల కూడళ్లను తీసివేసి ఒకే వరుస గల రౌండబౌట్లు కట్టుచుండగా, ఆ సంస్థ డ్రైవర్లను ముందొకసారి, తరువాత నొకసారి ప్రశ్నించినది. ఆ ఫలితములు 2002లో ప్రకటింపబడినవి. కట్టకముందు నూటికి 31 మంది మాత్రమే మంచిదనిరి. కట్టిన కొలది కాలమునకే ఆ సంఖ్య 63కు పెరిగినది. గట్టిగ వ్యతిరేకించినవారు నూటికి 41 మంది నుండి 15 మందికి తగ్గిరి. తరువాత న్యూ హాంప్‌షైరు, న్యూయార్కు, వాషింగ్టను రాష్ట్రములలో మరల విచారింపగా, కట్టకముందు 36, కట్టిన వెంటనే 50, ఏడాది దాటిన పిమ్మట సుమారు 70 మంది మంచిదనిరి.

ఈ అంకెలలో రెండు సంగతులు గమనింపదగినవి. మనసు మార్చినది ఉపన్యాసములు కావు, వాడుక. క్రొత్త నాగలి పట్టిన రైతు మొదటి చాలులో విసుగుకొనినను నాలుగు చాళ్లు దున్నిన తరువాత చేయి కుదురుకొనును గదా! రెండవది, ఏడాది గడచినను నూటికి 30 మంది మంచిదని అనలేదు. వారిని మూర్ఖులని త్రోసివేయరాదు. అట్టివారి ఫిర్యాదులలో నిర్మాణలోపములు బయటపడుచుండును.

ఎన్నికైన ప్రజాప్రతినిధులగు పాఠకులకు ఇంకొక ఉదాహరణము రుచించును. ఇండియానా రాష్ట్రములో కార్మెల్ అను పట్టణము కలదు. జేమ్సు బ్రైనార్డు 1996 మొదలు 2023 వరకు దానికి మేయరుగ నుండెను. ఇంగ్లండులో చదువుకొనిన కాలమున రౌండబౌట్లను చూచి, తన పట్టణములో సిగ్నళ్లను తీసివేసి వాటిని కట్టించుచు వచ్చెను. మొదట ఊరివారు సందేహించిరి. ఇప్పుడచ్చట 150కి మించి రౌండబౌట్లు కలవు. ఆయన వరుసగ ఏడు ఎన్నికలలో గెలిచెను. అవి రౌండబౌట్ల వలన గెలిచిన ఎన్నికలని మేము చెప్పము గాని, వాటి వలన ఓడిపోలేదనుట స్పష్టము.

డ్రైవర్లకు నచ్చుట వేరు, ప్రాణములు దక్కుట వేరు. రెండవదియే అసలు విషయము. నాలుగు రోడ్లు కలియు మామూలు కూడలిలో వాహనముల దారులు ఒకదానితో నొకటి తగులు చోట్లు 32. ఒకే వరుస గల రౌండబౌటులో 8 మాత్రమే. ఎదురెదురుగ ఢీకొనుట, ప్రక్కనుండి వచ్చి నేరుగ గ్రుద్దుట దాదాపు ఉండవు. వంపు తిరుగవలెను గావున వేగము తనంతట తానే గంటకు 25, 40 కిలోమీటర్ల నడుమకు దిగును. తగిలినను వాలుగ తగులును, బంపరు సొట్టపడును, మనిషి బ్రదుకును. అమెరికాలో ఇరువదికి పైగ కూడళ్లను రౌండబౌట్లుగ మార్చిన తరువాత పరిశీలింపగా మొత్తము ప్రమాదములు నూటికి 40 వంతున, గాయములైన ప్రమాదములు 75కు పైగ, మరణములు, తీవ్రమైన గాయములు గల ప్రమాదములు 90 వంతున తగ్గినట్లు తేలినది. మొదటి అంకెకును చివరి అంకెకును గల తేడా చూడుడు. చిన్న తగులుళ్లు కొన్ని మిగులును, చావులు తగ్గును. కరెంటు పోయినను ఈ ఏర్పాటు ఆగిపోదు.

లోడుబండి తిరుగదను అభ్యంతరమునకు వత్తము. ఇది న్యాయమైనది. అమెరికాలోని పల్లెలలో ట్రాక్టర్లు, కోతయంత్రములు నడపు రైతులును ఇదే అడిగిరి. దానికి జవాబుగ ఇంజనీర్లు నడిమి దిమ్మె చుట్టు కొద్దిపాటి ఎత్తుతో గట్టి పట్టీ కట్టుదురు. కార్లు దానిపైకి ఎక్కవు. పొడవైన బండి తిరుగునపుడు వెనుకచక్రములు దానిపై నుండి పోవును. మన ఊళ్లలో చెరకు లోడుతో రెండు ట్రాలీలు లాగు ట్రాక్టరు, వరికోత యంత్రము, గడ్డిలారీ తిరుగవలెను గావున ఈ పట్టీ లేని దిమ్మెను ఒప్పుకొనరాదు. ప్లానులో అది కలదా అని సభ్యులు అడుగవలెను.

రెండు వరుసల రౌండబౌట్లలో డ్రైవర్ల తికమక ఎక్కువ. ఏ వరుసలో ప్రవేశించినవాడు ఎచ్చట బయటపడవలెనో తెలియక చిన్న ప్రమాదములు జరుగుచుండును. ఇంగ్లండులోని స్విండను పట్టణములో 1972లో పెద్ద చక్రము చుట్టు ఐదు చిన్న చక్రములు గల రౌండబౌటు కట్టిరి. 2005లో ఒక అభిప్రాయసేకరణలో డ్రైవర్లు దానిని దేశములోకెల్ల చెడ్డదని తేల్చిరి. విచిత్రమేమన, అది నేటికిని చక్కగ పనిచేయుచున్నది. మన గ్రామముల కూడళ్లకు ఒకే వరుస చాలును.

కాలినడకన పోవువారి మాట, సైకిలువారి మాట డ్రైవర్ల అభిప్రాయములలో కనబడదు. వాహనములు ఆగక మెల్లగ సాగుచునే యుండును గావున చూపులేనివారికి రోడ్డు దాటుట కష్టము. సైకిలువారికి కలుగు లాభము కార్లవారికి కలిగినంత స్పష్టముగ లేదు. బడి ప్రక్కన గల కూడలియైనచో ప్రతి రోడ్డు మొగదలను నడుమ చిన్న దిమ్మె కట్టి, పిల్లలు సగము దాటి నిలుచుటకు చోటు చేయవలెను.

అన్ని కూడళ్లకు రౌండబౌటు తగదు. భారత రోడ్ల కాంగ్రెసు 1976లో ప్రకటించిన సూచనల ప్రకారము అన్ని రోడ్లనుండి కలిసి గంటకు సుమారు 3,000 వాహనములు వచ్చువరకే రౌండబౌటు బాగుగ పనిచేయును. ఆ సూచనలను 2017లో సవరించిరి. గ్రామములలో ఇంత రద్దీ అరుదు. చోటు చాలకపోవుటయే తరచుగ అడ్డు. చోటు లేని కూడలి నడుమ విగ్రహము నిలిపి దానినే సర్కిలనుకొనుట మాత్రము తగదు. బండ్లు దానికి ఇరుప్రక్కల నడచును, ఎదుటివాడు కనబడడు. ప్రజల రోడ్లపై విగ్రహములకు అనుమతి ఇయ్యరాదని సుప్రీముకోర్టు 2013 జనవరిలో రాష్ట్రములను ఆదేశించినది కూడ.

రోడ్డు ఎవరిదో ముందు తెలిసికొనవలెను. జాతీయ రహదారియైనచో ఆ రహదారుల అధికారులకు, రాష్ట్ర రహదారియైనచో రోడ్లు భవనముల శాఖకు, పంచాయతీరాజ్ రోడ్డయినచో ఆ శాఖ ఇంజనీర్లకు తీర్మానము పంపవలెను. తీర్మానముతో పాటు, గడచిన మూడు నాలుగేండ్లలో ఆ కూడలిలో జరిగిన ప్రమాదముల వివరములు పోలీసు స్టేషను నుండి తీసి పంపినచో దానికి బలముండును. ఆ దారిన పోవు అతి పొడవైన బండి ఏదో, సంతనాడు రద్దీ ఏ వేళనో ఊరి డ్రైవర్లనే అడిగి వ్రాయవలెను. శాశ్వతముగ కట్టుటకు ముందు సిమెంటు దిమ్మెలతోనో ఇసుక బస్తాలతోనో తాత్కాలికముగ గిరి గీచి కొన్ని వారములు చూడుమని ఇంజనీర్లను కోరవచ్చును. అట్లు చేసినపుడు రాత్రివేళ మెరయు పలకలు, దీపము తప్పక ఉంచవలెను. చీకటిలో కనబడని దిమ్మె క్రొత్త ప్రమాదమునకు కారణమగును.