కూలివారి సంఘములు - వాని పూర్వచరిత్ర

మన గుంటూరు, ప్రకాశము జిల్లాలలో 'వర్జీనియా' అను మాట నెఱుగని రైతు లేడు. పొగాకును బ్యారనుకెక్కించి, బేళ్లు కట్టినవారికి అది పంటపేరు. నిజమునకది అమెరికాలోని యొక రాష్ట్రము పేరు. ఆ దేశమున పొగాకు పట్టిన చేతులే పెంచి పెద్దచేసిన మఱియొకదానిని గూర్చి నేడు మనవి చేయదలచితిని. అది కార్మికసంఘము. ఈ మాట వినగానే మనలో కొందఱి కనుబొమలు ముడివడునని నేనెఱుగుదును. నావియు నొకప్పుడు ముడివడినవే.

శామ్యూల్ గాంపర్స్ అను నాతడు 1850లో లండనులో జన్మించి, 1863లో తలిదండ్రులతో న్యూయార్కు నగరము చేరెను. వృత్తి చుట్టలు చుట్టుట. ఆ పనిశాలలలో నొక చక్కని యాచారముండెను. చేతులకే గాని చెవులకు పనిలేదు గదా! కావున ఒకడు పత్రికయో గ్రంథమో బిగ్గఱగా చదువుచుండ, తక్కినవారు చుట్టలు చుట్టుచు వినుచుండెడివారు. చదువరి కూలి చెడకుండ తమ చుట్టలలో కొన్నింటిని వానికిచ్చెడివారు. పురాణము చెప్పినవానికి మన రచ్చసావడిలో సంభావన ముట్టినట్లే. బడిపంతులనగుటచే నాకీ ముచ్చట మిక్కిలి ప్రియమైనది.

1873లో అమెరికాలో వర్తకము కుప్పకూలగా సంఘములనేకము చెదరిపోయెను. చందా తగ్గించినచో జనము చేరుదురని యెవరైనను తలతురు. గాంపర్సును, అతని సహచరులును అందులకు విరుద్ధముగా 1879లో చుట్టలపనివారి సంఘమున చందా హెచ్చించిరి. ఆ ధనముతో రోగికి భృతియు, మృతుని యింటికి సాయమును నేర్పఱచిరి. పెట్టెలో ధాన్యమున్న యిల్లు కఱవునకు తాళినట్లు ఆ సంఘము నిలిచెను. 1886లో పలువృత్తుల సంఘములు కూడి అమెరికన్ ఫెడరేషన్ ఆఫ్ లేబర్ అను సమాఖ్య యేర్పడగా, గాంపర్సు ఒక్క సంవత్సరము తప్ప 1924లో మరణించువఱకు దానికధ్యక్షుడుగా నుండెను. ఆ 1886 మే 1వ తేదీననే యెనిమిదిగంటల పనికై లక్షలాది జనము సమ్మెకట్టిరి. ఒక్క మచ్చ దాచరాదు: ఆ సంఘములలో పెక్కు నల్లవారిని చేర్చుకొనలేదు, చీనావారు దేశమునకు రాకుండుటకు గాంపర్సే పోరాడెను. కూలి కూలిని వెలివేసిన కథ మనకు క్రొత్త గాదు.

ఇక మన కథ. నాడు మన జిల్లాలు మద్రాసు రాజధానిలోనివి. మద్రాసులో పెరంబూరుకడ బకింగ్‌హాం, కర్నాటిక్ అను రెండు నూలుమిల్లులుండెను. ఆ చేరువనే చెల్వపతి చెట్టి, రామానుజులు నాయుడు అనువారు నడుపు భక్తిసభకు మిల్లుకూలీలు భజనలు వినవచ్చుచు, మధ్యాహ్నము భోజనమునకైన చాలినంత వ్యవధి లేదని మొఱపెట్టుకొనుచుండిరి. ఆ యిరువురును బి. పి. వాడియాగారిని ఆశ్రయింపగా, 1918 ఏప్రిల్ 27వ తేదీన మద్రాసు లేబర్ యూనియన్ వెలసెను. మన దేశమున క్రమముగా సభ్యత్వముతో, చందాతో నడచిన మొదటి సంఘమిదియే యందురు.

మూడేండ్లు తిరుగకముందే యాపద వచ్చెను. మిల్లుకంపెనీ హైకోర్టులో దావావేసి, కూలీలను పని మాన్పించుచున్నారని నాయకులపై నిషేధపుటుత్తరువు పొందెను. నాటి న్యాయము దృష్టిలో పదిమంది కూడి పని మానుట కుట్రతో సమానము. తుదకు వాడియాగారు సంఘముతో సంబంధము వదలుకొనినగాని దావా ముగియలేదు. ఈ కష్టమును జూచియే ఎన్. ఎం. జోషిగారు కేంద్రశాసనసభలో చట్టమునకై పట్టుపట్టిరి. 1926లో ట్రేడ్ యూనియన్ చట్టము వచ్చెను. ఏడుగురు కూడినచో సంఘమును రిజిస్టరు చేయవచ్చునని, న్యాయమైన సమ్మె కుట్ర కాదని అది చెప్పెను. లెక్కలపుస్తకము చూచు హక్కు ప్రతి సభ్యునికిచ్చెను. నాకన్నిటికంటె నచ్చినదిదియే. ఆ యేడే అఖిలభారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసుకు అధ్యక్షుడైన వి. వి. గిరిగారు మన తెలుగువారే. 1969లో రాష్ట్రపతి యైరి.

నాకడ చదివిన పిల్లవాడొకడు ఒక మిరపయార్డులో టిక్కీలు మోయు హమాలీ యయ్యెను. "అయ్యవారూ, సంఘములో చేరమనుచున్నారు, చేరుదునా?" అని యడిగినప్పుడు, "నీకేల ఆ గొడవ?" అంటిని. నామాట త్రోసి చేరినాడు. మూడేండ్లకు బరువుక్రింద నడుము విఱిగి మంచము పట్టినాడు. చూడబోయితిని. ఆ నెల బియ్యము సంఘపు పెట్టెలోనుండి వచ్చినవని వాని భార్య చెప్పెను. వాడు నన్నొక్కమాట యనలేదు. "లెక్కలు సరిగా వ్రాయువారు లేరయ్యగారూ" అని మాత్రమనెను. నాటినుండి నెలకొక ఆదివారము పోయి ఆ పుస్తకము నేనే వ్రాయుచున్నాను.