బేరం ఒకచోట, నష్టం మరొకచోట

తక్కువ ఖర్చులో బ్యాంకాక్, పటాయా చూసి రావాలనుకునే మనవాళ్ల లెక్కలు విమానం టికెట్టుతో మొదలై హోటల్ గదితో ముగుస్తాయి. అక్కడ దిగాక మిగిలిన జాగ్రత్తంతా టుక్‌టుక్ వాడితో బేరమాడటానికీ, సంతలో టీషర్టు ధర తగ్గించడానికీ ఖర్చవుతుంది. బేరం మంచిదే. అయితే టీషర్టు మీద ఇరవై బాత్‌లు (అక్కడి డబ్బు) మిగుల్చుకున్న మనిషి, ఆ బాత్‌లు చేతికొచ్చిన దారిలో అంతకు పదింతలు పోగొట్టుకుని ఉండొచ్చు. దుకాణదారు చెప్పే ధర చెవిన పడుతుంది కాబట్టి దానితో పోట్లాడతాం. రూపాయి బాత్‌గా మారేటప్పుడు తెగే సొమ్ము మాత్రం రేటులోనే కలిసిపోయి ఉంటుంది, దానితో పోట్లాడాలని తోచదు. అందుకే చేతిలో కొద్ది డబ్బుతో విదేశం వెళ్లేవాళ్లు తిండి, తిరుగుడు తగ్గించుకోవడం కంటే ముందు డబ్బు చెల్లించే పద్ధతి సరిచూసుకోవాలంటాను.

ఫోన్‌లో వెతికితే కనిపించే మారకపు రేటు పెద్ద మొత్తాల లావాదేవీలది. మామూలు ప్రయాణికుడికి ఆ రేటు దొరకదు. మారకపు దుకాణం కొనే రేటు ఒకటి, అమ్మే రేటు ఇంకొకటి పెడుతుంది. ‘కమీషన్ లేదు’ అని బోర్డు తగిలించినవాడి కమీషన్ ఆ రెండింటి తేడాలోనే ఉంటుంది. రూపాయలిచ్చి డాలర్లు కొని, ఆ డాలర్లిచ్చి బాత్‌లు తీసుకుంటే రెండు టోల్ గేట్లు దాటినట్టు. మిగిలిన బాత్‌లను మళ్లీ రూపాయలు చేసుకుంటే మూడోది. గేటు ఎక్కడ ఉందన్నది కూడా ముఖ్యమే. బ్యాంకాక్ సువర్ణభూమి విమానాశ్రయంలో బయటికొచ్చే హాలులోని బ్యాంకు కౌంటర్ల రేటుకూ, అదే భవనం అడుగున నగరానికి రైలు ఎక్కే అంతస్తులో ఉన్న చిన్న మారకపు కొట్ల రేటుకూ తేడా కనబడుతుంది. లిఫ్టులో కిందికి దిగితే చాలు. డాలర్లు తీసుకెళ్తే వంద నోట్లుగా తీసుకెళ్లడం మేలు, అక్కడి మారకపు కొట్లు చిన్న నోట్లకు తక్కువ రేటు కడతాయి.

కార్డు సంగతి వేరు. మన బ్యాంకుల్లో చాలావాటి కార్డులు విదేశీ కరెన్సీలో గీసిన ప్రతిసారీ మూడు, మూడున్నర శాతం దాకా అదనంగా వేసుకుంటాయి. దానిమీద 18 శాతం జీఎస్టీ. మూడున్నర శాతం వేసే కార్డు మీద అరవై వేల రూపాయల ఖర్చు పెడితే దాదాపు రెండున్నర వేలు ఇలాగే పోతాయి. ఈ అదనం లేని కార్డులూ, చాలా తక్కువ వేసేవీ మన దేశంలోనే దొరుకుతున్నాయి. ఏ కార్డుకు ఎంత అన్నది బ్యాంకు రుసుముల పట్టికలో ఉంటుంది. ఆ కాగితం చదివే ఓపిక మనకుండదు, అదీ అసలు చిక్కు.

వీటన్నిటికంటే తెలివైన ఉచ్చు దుకాణంలోని కార్డు యంత్రం దగ్గర ఉంది. కార్డు పెట్టగానే అది ‘బాత్‌లలోనా, రూపాయల్లోనా?’ అని అడుగుతుంది. పరాయి దేశంలో మన రూపాయి కనబడితే ప్రాణం లేచొస్తుంది, ఎంత ఖర్చవుతోందో అప్పటికప్పుడే తెలుస్తుందనిపిస్తుంది. రూపాయలు నొక్కామో, మార్చే పని మన కార్డు సంస్థ చేతిలోంచి ఆ దుకాణం తరఫున సేవ అందించే కంపెనీ చేతిలోకి పోతుంది. రేటు వాళ్లిష్టం, అందులో లాభం వాళ్లు ముందే కలుపుకుంటారు. అది సాధారణంగా మన బ్యాంకు వేసేదాని కంటే ఎక్కువే ఉంటుంది. పైగా విదేశంలో రూపాయల్లో చెల్లించినా సరే, కొన్ని మన బ్యాంకులు మళ్లీ ఓ రుసుము వేస్తాయి. ఈ అదనం ఎంతో శాతంలో చూపించి తీరాలని ఐరోపా సమాఖ్య 2019లో నియమం పెట్టాల్సి వచ్చిందంటే వ్యవహారం చిన్నది కాదు. ఎంచుకునే హక్కు కొనేవాడిది. అలవాటుగా మనల్ని అడక్కుండానే రూపాయలు నొక్కేసే గుమాస్తాలుంటారు, బిల్లు చూసి రద్దు చేయించి బాత్‌లలో మళ్లీ గీయించుకోవచ్చు. ఏటీఎం తెర మీదా ఇదే ప్రశ్న వస్తుంది, అక్కడ వాళ్ల మారకం వద్దనే మీట నొక్కాలి.

ఏటీఎంలలో ఇంకో మెలిక ఉంది. థాయ్‌లాండ్‌లో విదేశీ కార్డుతో డబ్బు తీసిన ప్రతిసారీ అక్కడి బ్యాంకు రెండు వందల బాత్‌లకు పైగా రుసుము పట్టుకుంటుంది. రెండు వేలు తీసినా, ఇరవై వేలు తీసినా అంతే. ‘జేబులో ఎక్కువ ఉంటే ఎక్కువ ఖర్చు’ అని పొదుపరి రోజుకు రెండు వేల చొప్పున తీస్తే తీసినదాంట్లో పదో వంతు రుసుముకే పోతుంది. ఒకేసారి ఇరవై వేలు తీసినవాడికి అది ఒక శాతం. క్రెడిట్ కార్డుతో నగదు తీస్తే వడ్డీ ఆ రోజు నుంచే మొదలవుతుంది, అది ఆపదలో తప్ప చేయకూడని పని.

ఇంత లెక్క చూసుకుంటే మిగిలేది మూడు, నాలుగు వేలే కదా, దానికోసం సెలవులంతా లెక్కల్లో గడపాలా అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. లక్షలు పెట్టి తిరిగేవాడికి ఆ సొమ్ము లెక్కలోకి రాదు. కానీ చవక గదిలో పడుకుని, బండి దగ్గర నూడుల్స్ తిని గడిపేవాడికి అది ఒకటి రెండు రోజుల బతుకు. పైగా ఈ పని ఇంట్లో కూర్చుని, బయల్దేరకముందే అయిపోతుంది. ప్రతి టుక్‌టుక్ దగ్గరా మొదలెట్టే బేరంలోనే నిజంగా సెలవులు కరిగిపోతాయి.

పెద్దవాళ్ల మాట ఇంకొకటి. కార్డులూ అవీ ఎందుకు, నగదంతా రొంటిన దోపుకెళ్తే సరిపోదా అంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. థాయ్‌లాండ్‌లో వీధి తిండికీ, సొంగ్‌తేవ్ అనే షేరింగ్ బండి ప్రయాణానికీ నగదే నడుస్తుంది, మంచి మారకపు కొట్టులో దొరికే రేటు చాలా కార్డుల కంటే మెరుగే. కానీ నగదు పోతే పోయినట్టే, కార్డు పోతే ఫోన్‌లో ఆపేయొచ్చు. కొంత నగదు, వేర్వేరు బ్యాంకుల కార్డులు రెండు, వేర్వేరు సంచుల్లో ఉండటం నయం. అయితే 2020 నుంచి మన బ్యాంకులు కొత్తగా ఇచ్చే కార్డులు దేశంలో మాత్రమే పనిచేసేలా వస్తున్నాయి. విదేశీ వాడకాన్ని మనమే యాప్‌లో తెరిచి, పరిమితి పెట్టుకోవాలి. ఇది మరిచి, పరాయి ఊళ్లో కార్డు చెల్లక, ఓటీపీ వచ్చే సిమ్‌కు రోమింగ్ లేక ఇరుక్కునేవాళ్లు విమానాశ్రయపు కౌంటరు దగ్గర ఏ రేటుకైనా తలవంచుతారు.

యూపీఐ ఉంది కదా అన్న ధీమా కూడా ఈ మధ్య పెరిగింది. భూటాన్‌లో 2021లో, శ్రీలంక, మారిషస్‌లలో 2024లో మొదలైన మాట నిజమే. అయితే ఓ దేశం పేరు జాబితాలోకి ఎక్కినంత మాత్రాన అక్కడి ప్రతి కొట్టులోనూ మన యాప్ పనిచేయదు, పనిచేసిన చోటా మారకం రేటు, రుసుము తప్పవు. థాయ్ సంతల్లో కనిపించే క్యూఆర్‌లు ఎక్కువగా 2017లో వచ్చిన ప్రాంప్ట్‌పే అనే వాళ్ల సొంత వ్యవస్థవి, అక్కడి బ్యాంకు ఖాతాల కోసం పుట్టినవి. వాటిని చూసి మన ఊరి కిరాణా కొట్టు అనుకుని నగదు లేకుండా వెళ్తే నూడుల్స్ బండి దగ్గరే ఆగిపోతాం.

ఇక తిరుగు ప్రయాణం. మిగిలిన నోట్లకు ఇక్కడ దొరికేది తక్కువ రేటు, నాణేలను మారకపు కొట్లు సాధారణంగా తీసుకోవు. గది అద్దె చివర్లో కట్టేదైతే, దారి ఖర్చు పక్కన పెట్టి మిగిలిన బాత్‌లన్నీ చిల్లరతో సహా కౌంటరు మీద పోసి, తక్కువైనంత మాత్రమే కార్డు మీద వేయమని అడగవచ్చు. చాలా హోటళ్లు కాదనవు.