దీపం తీసేశాక సెనెకా అడిగే ప్రశ్నలు

తత్వవిచారం రోజువారీ నడవడికి ఎలా పనికొస్తుందో చూడాలంటే క్రీ.శ. మొదటి శతాబ్దపు రోమ్‌కు వెళ్ళాలి. తత్వవేత్త సెనెకా తన అన్న నోవాటస్ కోసం కోపం గురించి మూడు భాగాల గ్రంథం రాశాడు. మూడో భాగంలో తన అలవాటు ఒకటి చెప్పాడు. రాత్రి దీపం తీసేసి, ఆ అలవాటు తెలిసిన భార్య మాట్లాడడం మానేశాక, ఆ రోజు తాను చేసినవీ అన్నవీ ఒక్కొక్కటే విచారించుకునేవాడు.

ఇది ఆయన సెక్స్టియస్ అనే రోమన్ తత్వవేత్త నుంచి నేర్చుకున్నది. ఏ చెడ్డ అలవాటు ఈ రోజు నయమైంది, ఏ లోపాన్ని ఎదుర్కొన్నాను, ఎందులో మెరుగయ్యాను అని సెక్స్టియస్ రోజూ తనను అడిగేవాడట. నేను మంచివాణ్ణేనా అన్న ప్రశ్నకు ఇక్కడ చోటు లేదు. దానికి జవాబు ఎప్పుడూ మనకు అనుకూలంగానే వస్తుంది.

విచారణ దేని మీద? స్టోయిక్ తత్వ సంప్రదాయాన్ని అనుసరించిన సెనెకా ప్రకారం కోపానికి మూడు దశలున్నాయి. మొదట మనసు ఉలిక్కిపడుతుంది. అది మన చేతిలో లేదు. తర్వాత నాకు అన్యాయం జరిగింది, బదులు తీర్చుకోవలసిందే అన్న నిర్ణయానికి బుద్ధి తలూపుతుంది. ఆపైన కోపం ఎవరి మాటా వినదు. నడుమనున్న ఆ తలూపడాన్నే రాత్రి బయటికి తీసి చూడాలి.

ఉదాహరణకు, రోమన్ విందుల్లో అతిథులు మంచాల మీద ఒరిగి భోంచేసేవారు. ఎవరు ఎక్కడ ఒరిగారన్నది వారి హోదాను చెప్పేది. తక్కువ చోటు ఇచ్చారని పిలిచినవాడి మీదా, పై చోటు దక్కినవాడి మీదా కోపం వచ్చిందనుకుందాం. పరుపులో ఏ భాగం మీద ఒరిగితే మనిషి విలువ పెరుగుతుంది, తగ్గుతుంది అని సెనెకా అడుగుతాడు. కోపాన్ని మోసిన నమ్మకం అప్పుడు ఒంటరిగా కనబడుతుంది.

నాకు ఇంకా విలువైనదిగా తోచేది మరో ఉదాహరణ. సెనెకా ఒకరిని మందలించాడు, అన్నది నిజమే. కానీ అవతలి మనిషి దిద్దుకోలేదు, నొచ్చుకున్నాడు. కాబట్టి మాట నిజమా అని మాత్రమే కాక, వినేవాడు ఆ నిజాన్ని తట్టుకోగలడా అని కూడా ఇకపై చూడాలనుకున్నాడు. నిజం చెప్పానన్న తృప్తితో చాలామందిమి ఆగిపోయే చోట ఆయన విచారణ మొదలైంది. తప్పు తేలాక మళ్ళీ చేయకు అని హెచ్చరించుకుని, తనను తాను క్షమించుకునేవాడు. క్షమ ఉందని తెలుసు గనుకనే దేన్నీ దాచుకోనక్కరలేకపోయింది.

అయినా ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది. సెనెకా నీరో చక్రవర్తికి గురువు, సలహాదారు. 59లో నీరో తన తల్లిని చంపించాడు. దాన్ని సమర్థిస్తూ సెనేట్‌కు వెళ్ళిన లేఖ సెనెకా రచనేనని చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. రోజూ తనను విచారించుకునే మనిషి ఆ లేఖకు ఎలా ఒప్పుకున్నాడు? అడిగేదీ జవాబు చెప్పేదీ ఒకే బుద్ధి అయినప్పుడు, దానికి తట్టని ప్రశ్న ఎవరూ వేయరు. ఏథెన్స్‌లో సోక్రటీసు విచారణను మరో మనిషితో కలిసి చేయడం ఇందుకే విలువైనది.

62 తర్వాత సెనెకా రాజసభకు దూరమై, మిత్రుడు లూసిలియస్‌కు లేఖలు రాస్తూ వచ్చాడు. వాటిలో 124 మనకు మిగిలాయి. 83వ లేఖలో, లూసిలియస్ కోరిన మీదట, ఒక రోజును ఎలా గడిపాడో ఈసారి తనకు కాక మరో మనిషికి చెప్పాడు: కాసేపు వ్యాయామం, చన్నీటి స్నానం, బల్ల కూడా వేయకుండా తిన్న ఎండు రొట్టె, ఓ కునుకు.