వంట గురించి రాయడం కూడా ఒక పనే



వంట గురించి రాసి బతికేవాళ్ళు కూడా ఉన్నారు. అమెరికా ఆవిడ జూలియా చైల్డ్ 1948లో భర్త ఉద్యోగం వల్ల ఫ్రాన్సు వెళ్ళింది. అప్పటికి ఆమెకు వంట అంతగా రాదు. 1949లో, 37 ఏళ్ళకి, పారిస్‌లో వంట నేర్పే బడిలో చేరింది. తర్వాత ఇద్దరు ఫ్రెంచి స్నేహితురాళ్ళతో కలిసి పుస్తకం రాసింది. ఒక్కో వంట మళ్ళీ మళ్ళీ వండి, కొలిచి రాసేది. ఒక కంపెనీ అచ్చు వెయ్యనంది. 1961లో ఇంకో కంపెనీ వేసింది. 1963 నుంచి టీవీలో కూడా ఫ్రెంచి వంట నేర్పింది.

ఎప్పుడూ చూడనివాళ్ళు కూడా చదివి వండగలగాలి. అదీ ఈ పని. మా అవ్వని వెదురు కొమ్ముల కూరకి ఉప్పెంత అనడిగితే "చేతికి తెలుస్తాది" అంటాది. ఆ చేతి కొలత ఎక్కడా రాసి లేదు. ఈ సెలవుల్లో చెంచాతో కొలిచి రాస్తాను. మీరూ ఒక్కో కూర రాసి తెండి.