స్టార్టర్ పెట్టాలా, వద్దా? బస్తర్ క్రిస్మస్ విందులో ఆకలి లెక్కలు

జగదల్‌పూర్ సంతలో ఆకు దొన్నెల్లో ఎర్ర చీమలు అమ్ముతారు. చెట్ల ఆకులను దగ్గరకు లాగి, తమ పిల్లపురుగులు వదిలే పట్టుదారంతో కుట్టి గూడు కట్టుకునే చీమలివి. శాస్త్రీయ నామం ఈకోఫిల్లా స్మరాగ్డినా. ఈ చీమలనూ వాటి గుడ్లనూ మిరప, అల్లం, వెల్లుల్లి, ఉప్పుతో కలిపి నూరితే చాప్డా చట్నీ తయారవుతుంది. దీన్ని ఎవరూ గిన్నెలకొద్దీ తినరు. వేలికొసన కాస్త తీసుకుని నాలుకకు రాసుకుంటే చాలు, నోరు ఊరిపోతుంది.

డిసెంబరు 25న బస్తర్‌లోని క్రైస్తవ కుటుంబాలు ఉదయం చర్చికి వెళ్తాయి. జగదల్‌పూర్‌లో ‘లాల్ చర్చ్’ అని పిలిచే పాత మెథడిస్టు చర్చి చాలామందికి తెలిసినదే. ప్రార్థన ముగిశాక ఇంటికొచ్చి విందు. మాంసం కూర, అన్నం, పిండివంటలు ఉంటాయి. చదువులకో ఉద్యోగాలకో రాయ్‌పూర్, హైదరాబాద్ వెళ్ళి సెలవులకు తిరిగొచ్చిన పిల్లలున్న ఇంట్లో ఇప్పుడు ఒక కొత్త ప్రశ్న కూడా వడ్డనకొస్తుంది: ముందు స్టార్టర్ పెడదామా? వంట చేసే పెద్దావిడ అనుమానం కూడా తీసిపారేసేది కాదు. పకోడీలతో కడుపు నింపుకుంటే తెల్లవారుజామున లేచి వండిన కూర ఎవరు తింటారు?

నిజానికి స్టార్టర్ అనే అంకం మన వడ్డనలో లేదు. విస్తట్లో పప్పు, కూర, పచ్చడి, తీపి అన్నీ పక్కపక్కనే ఉంటాయి, ఎవరి వరుస వాళ్ళది. యూరప్‌లో కూడా ఒకప్పుడు చాలా వంటకాలను ఒకేసారి బల్ల మీద పరిచేవారు. ఒకదాని తర్వాత ఒకటి తెచ్చి వడ్డించే ‘రష్యన్ పద్ధతి’ 19వ శతాబ్దంలో అక్కడ వ్యాపించింది. ఆ వరుస హోటళ్ళ మీదుగా మన దాకా వచ్చి చికెన్ 65 రూపంలో స్థిరపడింది. సంప్రదాయం తేల్చని ఈ విషయాన్ని శరీరధర్మ శాస్త్రం కొంతవరకు తేల్చగలదు. కానీ అది చెప్పే జవాబు ఒకటి కాదు, రెండు. పైగా ఆ రెండూ ఒకదానికొకటి ఎదురు నిలుస్తాయి.

మొదటిది పావ్లోవ్‌తో మొదలవుతుంది. గంట శబ్దానికి లాలాజలం కార్చిన కుక్కల కథతో ఆయన పేరు ముడిపడిపోయింది గానీ, 1904లో నోబెల్ బహుమతి వచ్చింది జీర్ణక్రియ మీద చేసిన పనికి. మింగిన ఆహారం కడుపులోకి చేరకుండా బయటకే వచ్చేసేలా కుక్కలకు శస్త్రచికిత్స చేసి చూశారాయన. కడుపులోకి ఒక్క ముద్ద వెళ్ళకపోయినా జఠర రసం మాత్రం ధారాళంగా ఊరింది. అంటే చూపు, వాసన, రుచి అందగానే మెదడు వేగస్ నాడి ద్వారా కడుపుకు కబురు పంపుతోందన్నమాట.

ఈ కబురు పంపడంలో పులుపు ముందుంటుంది. లాలాజలాన్ని ఊరించడంలో ఆమ్లాన్ని మించిన రుచి లేదు. చాప్డాకు ఆ పులుపు చీమలు ఆత్మరక్షణకు చిమ్మే ఫార్మిక్ ఆమ్లం నుంచి వస్తుంది. ఆమ్లం విడుదల చేసే హైడ్రోజన్ అయాన్లు నాలుక మీది కణాల్లోకి ఓటాప్-1 అనే ప్రోటీన్ ద్వారం గుండా వెళ్తాయని గత దశాబ్దం చివర్లోనే తేలింది. రుచి బాగుంటే తినడం మొదలుపెట్టిన తొలి నిమిషాల్లో ఆకలి తగ్గకపోగా పెరుగుతుందని బ్రిటన్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయంలో మార్టిన్ యోమన్స్ 1990లలో చేసిన ప్రయోగాలు చూపించాయి. ‘రెండు ముద్దలు తిన్నాకే ఆకలి తెలిసింది’ అని మన ఇళ్ళలో అనే మాట ఇదే. భోజనానికి ముందు ఉప్పుతో అల్లం తినమని ఆయుర్వేద గ్రంథం భావప్రకాశం ఇచ్చిన సలహా కూడా ఈ కోవలోకే వస్తుంది.

రెండో జవాబు కడుపు నుంచి, చిన్నపేగు నుంచి వస్తుంది. ఖాళీ కడుపు ముడుచుకుని ఉంటుంది. ఆహారం వచ్చేకొద్దీ వదులై, లీటరుకు పైగా పట్టేంత సాగుతుంది. ఆ సాగుదలను గోడల్లోని నాడులు మెదడుకు తెలియజేస్తాయి. కొవ్వు, మాంసకృత్తులు చిన్నపేగు తొలి భాగానికి చేరగానే అక్కడి కణాలు కోలిసిస్టోకైనిన్ అనే హార్మోన్‌ను విడుదల చేస్తాయి. కడుపు ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గించి, ఇక చాలనిపించే పని దానిది. ఇదంతా క్షణాల్లో జరిగేది కాదు, కొన్ని నిమిషాలు పడుతుంది. అందుకే నూనెలో వేయించిన స్టార్టర్ తింటున్నంతసేపూ బాగానే ఉంటుంది. అసలు భోజనానికి కూర్చునే సమయానికి దాని ప్రభావం బయటపడుతుంది.

అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో బార్బరా రోల్స్ బృందం దీన్ని కొలిచింది. 2007లో ప్రచురించిన అధ్యయనంలో భోజనానికి ముందు సూప్ తాగినవారు, ఆ సూప్ కేలరీలను కలుపుకున్నా కూడా, మొత్తమ్మీద సుమారు 20 శాతం తక్కువ శక్తిని తీసుకున్నారు. అదే బృందం 2004లో సలాడ్‌తో చేసిన ప్రయోగం ఇంకా ఆసక్తికరం. తేలికపాటి సలాడ్ 300 గ్రాములు ముందుగా తింటే భోజనంలోని మొత్తం కేలరీలు 12 శాతం తగ్గాయి. అంతే పరిమాణం సలాడ్‌లో చీజ్, చిక్కటి డ్రెస్సింగ్ దట్టిస్తే 17 శాతం పెరిగాయి. పళ్ళెంలో బరువు ఒకటే అయినా, అందులో కుక్కిన శక్తిని బట్టి ఫలితం తలకిందులైంది.

బస్తర్‌లో సూప్‌కు సమానమైనది మండియా పేజ్. మన రాగి అంబలికి దగ్గరి చుట్టం. ఎండాకాలంలో అడవికో పొలానికో వెళ్ళేవారు దీన్ని సొరకాయ బుర్రలో పోసుకుని తీసుకెళ్తారు. ఆకలిని ఆపడమే దాని పని, ఆ పని అది బాగా చేస్తుంది. కాబట్టి విందుకు ముందు పేజ్ ఇవ్వడం, చాప్డా ఇవ్వడం ఒకటి కావు. చాప్డా ఆకలిని లేపుతుంది, పేజ్ దాన్ని జోకొడుతుంది. ఈ రెండింటినీ ‘స్టార్టర్’ అన్న ఒకే మాటలో ఇరికించడం వల్లే ఇళ్ళలో వాదన తెగదు.

ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. పెన్సిల్వేనియా ప్రయోగాల్లో తక్కువ తినడం ‘మంచి ఫలితం’. అవి అతిబరువుతో సతమతమయ్యే సమాజం అడిగిన ప్రశ్నలు. బస్తర్ ఇంటి పంక్తిలో కూర్చునేవారందరికీ అది వర్తించదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఛత్తీస్‌గఢ్‌లో అయిదేళ్ళలోపు పిల్లల్లో 31.3 శాతం మంది వయసుకు తగ్గ బరువు లేరు. మాంసం రోజూ ఉడకని ఇంట్లో పండగ కూర ఆ పిల్లలకు అరుదుగా దొరికే మాంసకృత్తులు, ఇనుము. మూడేళ్ళ పిల్ల కడుపు ఎంతుంటుంది గనుక? దాన్ని ముందే సూప్‌తోనో శీతల పానీయంతోనో నింపేస్తే అమెరికాలో లాభంగా రాసుకున్న ఆ 20 శాతం ఇక్కడ నష్టం పద్దులో పడుతుంది. ఈ విషయంలో పెద్దావిడ అనుమానం పూర్తిగా సబబు. పిల్లలకు స్టార్టర్ వద్దు, నేరుగా కూరన్నం పెట్టాలి.

అదే పంక్తిలో చక్కెర వ్యాధి ఉన్న తాతయ్య కూడా ఉండవచ్చు. ఆయన లెక్క వేరు. న్యూయార్క్‌లోని వైల్ కార్నెల్ వైద్య కళాశాల పరిశోధకులు 2015లో టైప్-2 మధుమేహం ఉన్న 11 మందికి ఒకే భోజనాన్ని రెండు వరుసల్లో ఇచ్చి చూశారు. కూరగాయలు, మాంసకృత్తులు ముందు తిని పావుగంట తర్వాత పిండి పదార్థాలు తిన్న రోజున, అరగంటకు రక్తంలో గ్లూకోజ్ దాదాపు 29 శాతం, గంటకు 37 శాతం తక్కువగా ఉంది. పదకొండు మంది చాలా చిన్న సంఖ్య, దీన్నే తుది మాటగా తీసుకోలేం. అయినా ఖర్చులేని మార్పు ఇది. తాతయ్యకు ముందుగా కొంచెం ఆకుకూర, రెండు మాంసం ముక్కలు పెట్టి, అన్నం కాస్త ఆగి వడ్డిస్తే సరిపోతుంది. స్టార్టర్ కోసం వేరే వంటకం వండే పని లేదు, ఉన్న వంటకాల వరుస మారితే చాలు. మందులు మాత్రం మానకూడదు.

సల్ఫీ, లాండా వంటి స్థానిక పానీయాలు తాగే ఇళ్ళూ ఉన్నాయి, తాగని ఇళ్ళూ ఉన్నాయి. భోజనానికి ముందు కొద్దిపాటి మద్యం ఆకలిని పెంచుతుందని పలు ప్రయోగాల్లో తేలింది. దాని కేలరీలు కూడా భోజనానికి అదనమే తప్ప బదులు కావు.

చాప్డా విషయంలో రెండు జాగ్రత్తలున్నాయి. రొయ్యలు, పీతలు పడనివారికి కీటకాల ఆహారం కూడా పడకపోవచ్చు. రెండింటిలోనూ ట్రోపోమయోసిన్ అనే ప్రోటీన్ పోలికలతో ఉండటమే కారణం. అందుకని కొత్త అతిథిని అడిగి వడ్డించాలి. రెండోది, చాప్డా తింటే జ్వరం తగ్గుతుందన్న నమ్మకం. మలేరియాను తరిమేందుకు 2020 నుంచి ఇంటింటికీ రక్తపరీక్షల ప్రచారం నడిచిన ప్రాంతం బస్తర్. అక్కడ జ్వరం వస్తే చేయించుకోవాల్సింది రక్తపరీక్ష.

మిగిలినవాళ్ళకు, అంటే పెద్ద జబ్బులేవీ లేని, చర్చి నుంచి ఆకలితో వచ్చిన పెద్దలకు, స్టార్టర్ పెట్టవచ్చు. అది చెంచాడుకు మించకుండా, పుల్లగా, కారంగా, నూనె లేకుండా ఉంటే మేలు. వడ్డన ఆలస్యమయ్యేలా ఉంటే వేయించినవాటికి బదులు ఉప్పు, నిమ్మరసం చల్లిన ముల్లంగి, దోసకాయ ముక్కలు నయం.

ఇక చివరికొచ్చేది తీపి. ఛత్తీస్‌గఢ్‌లో బియ్యప్పిండి, బెల్లంతో చేసే అర్సా పేరు వినగానే తెలుగువారికి అరిసె గుర్తొస్తుంది. కోంటా, భోపాలపట్నం వైపు ఇప్పటికీ తెలుగు వినిపించే నేలలో అదేమంత వింత కాదు. కూరన్నం ఇక వద్దని చేయి అడ్డం పెట్టినవారు కూడా అర్సాకు మాత్రం చేయి చాస్తారు. ఒక రుచి మీద మొహం మొత్తినా మరో రుచి మీద కోరిక అలాగే ఉంటుందని రోల్స్ 1980లలోనే చూపించారు. నాలుగు వేర్వేరు వంటకాలు వరుసగా పెట్టినప్పుడు, ఒకే వంటకాన్ని నాలుగుసార్లు పెట్టినదానికంటే 60 శాతం ఎక్కువ తిన్నారు. అందుకే పెద్దావిడ అర్సాల డబ్బాను కూర గిన్నె ఖాళీ అయ్యేదాకా పిల్లల కంట పడనివ్వదు.