టీకా వేయించుకున్నవారిలో ఎందరు పోయారు? లెక్క అడగడం మీ హక్కు

“రెండు డోసులూ వేయించుకున్న మనిషే పోయాడు. ఇంక టీకా ఎందుకండీ?”

2021 తరువాత ఈ మాట మీ ఇంట్లోనూ వినబడే ఉంటుంది. సందేహం రావడం తప్పు కాదు. కాని ఒక్క చావును చూసి టీకా మంచిదనీ చెప్పలేం, చెడ్డదనీ చెప్పలేం. అందుకు లెక్క కావాలి. ఆ లెక్క ప్రజలకు అందాలి.

లెక్క చూడడం ఎలా?

ఒక ఊళ్ళో 1000 మంది వృద్ధులున్నారనుకోండి. టీకా వేయించుకున్నవారు 900 మంది, వేయించుకోనివారు 100 మంది. జబ్బు వచ్చి మొదటివారిలో 9 మంది, రెండవవారిలో 5గురు పోయారు. “చనిపోయినవారిలో ఎక్కువమంది టీకా వేయించుకున్నవారే” అంటే అది నిజమే. కాని మొదటివారిలో నూటికి ఒకరు పోతే, రెండవవారిలో నూటికి 5గురు పోయారు. అంచేత చావుల సంఖ్య ఒక్కటే చాలదు. ఎంతమందిలో అన్నది కావాలి, వయస్సు కూడా కావాలి. 70 ఏళ్ళవారిని 20 ఏళ్ళవారితో పోల్చకూడదు కదా!

లెక్క బయట పెట్టకపోతే?

2009 జూలైలో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని ఖమ్మం జిల్లాలో 10-14 ఏళ్ళ ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సరు రాకుండా హెచ్.పి.వి. టీకా వేశారు. తరువాత వారిలో కొందరు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో కార్యక్రమాన్ని ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణమని తేలలేదని విచారణ సంఘం చెప్పింది. కాని తల్లిదండ్రుల బదులు వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు చేసిన సంగతి బయటపడింది. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ వ్యవహారాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. టీకా వేయించుకోని అదే వయస్సు పిల్లల్లో మరణాలెన్నో పక్కనే చూపి ఉంటే, తల్లిదండ్రుల భయం కొంతైనా తగ్గేది.

ఆ వివరాలు ఎక్కడుంటాయి?

మరణ ధ్రువీకరణ పత్రంలో టీకా సంగతి ఉండదు. టీకాల వివరాలు ఒకచోట, మరణాల వివరాలు మరొకచోట ఉంటాయి. రెండూ కలిపితేనే జవాబు దొరుకుతుంది. 2021 సెప్టెంబరులో భారత వైద్య పరిశోధన మండలి అలా కలిపి చూసి, కోవిడ్ మరణాన్ని తప్పించడంలో ఒక డోసు 96.6 శాతం, రెండు డోసులు 97.5 శాతం పనిచేశాయని ప్రకటించింది. ఇంగ్లండులో ప్రభుత్వ గణాంక కార్యాలయం ఇటువంటి పట్టికలను వయస్సులవారీగా 2023 వరకు ప్రచురించింది. మన సుప్రీంకోర్టు కూడా 2022 మే 2న, టీకా తరువాత వచ్చే అనారోగ్యాల నివేదికలను, వ్యక్తుల పేర్లు బయటపెట్టకుండా, ప్రజలకు అందుబాటులో ఉంచాలని ఆదేశించింది.

మీరు చేయవలసినవి

తెనాలి, బాపట్ల, రేపల్లె, ఏ ఊరివారైనా సమాచార హక్కు చట్టం, 2005 కింద 10 రూపాయల రుసుముతో జిల్లా వైద్య ఆరోగ్య శాఖ సమాచార అధికారికి దరఖాస్తు పెట్టవచ్చు. జవాబుకు గడువు 30 రోజులు. రాకపోతే పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. రికార్డులో ఉన్నదే ఇస్తారు కనుక, ఏ సంవత్సరం, ఏ వయస్సు, ఎన్ని మరణాలు, ఎందరికి టీకా వేశారు అని విడివిడిగా అడగండి. వ్యక్తుల పేర్లు అడగకండి.

ఇంట్లో ఎవరైనా చనిపోతే 21 రోజులలోగా నమోదు చేయించండి. వైద్యం చేసిన డాక్టరు మరణ కారణ పత్రాన్ని ఉచితంగా ఇవ్వాలి. టీకా కార్డులు భద్రపరచండి. టీకా తరువాత తీవ్రమైన బాధ కలిగితే వెంటనే ప్రభుత్వాసుపత్రిలో చెప్పి, రాయించండి.

మనం రాయించని చావు ఏ లెక్కలోకీ రాదు. లెక్క సరిగా లేనిచోట పుకారుదే రాజ్యం. లెక్క అడుగుతున్నాం గదా అని పిల్లల టీకాలు మాత్రం వాయిదా వేయకండి.